మహిళా మండలి అంటే చీరలు పంచడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

కాకినాడలో ఒక మహిళా మండలికి చాలా ఏళ్లుగా కార్యదర్శిగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, విరాళాలు ఇచ్చేవాళ్లు మా గురించి అనుకునే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి తీరిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: డబ్బున్న ఇళ్ల ఆడవాళ్లు పొద్దుపోక పెట్టుకున్న క్లబ్బులివి.

1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టినవాళ్లు బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ. అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదవడం, రాయడం నేర్చుకుని, స్త్రీల జీవిత చరిత్రలు రాసేదాకా ఎదిగారు. ఊళ్లు తిరిగి సమాజాలు పెట్టించారు. ఇల్లు దాటి నలుగురిలో కూర్చోవడమే తప్పనుకునే రోజులవి. పొద్దుపోక చేసే పనైతే అంత మాట పడి ఎవరు వస్తారు?

అపోహ: ఆ సమాజాల ఆడవాళ్లందరిదీ ఒకటే మాట, సంస్కరణ.

కాదు. మా ఊళ్లో 1904లో శ్రీ విద్యార్థినీ సమాజం పెట్టి, ‘సావిత్రి’ పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ వితంతు వివాహాలను గట్టిగా వ్యతిరేకించారు. ఆ విషయంలో నేను ఆమెతో ఏకీభవించను. కానీ ఆడపిల్లల చదువు కోసం ఆమె పడిన పాటు చిన్నది కాదు. మా మండలిలో ఇప్పటికీ రెండు మూడు అభిప్రాయాలవాళ్లు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. పని ఆగదు.

అపోహ: సేవ అంటే పళ్లు, దుప్పట్లు, చీరలు పంచి ఫొటో దిగడం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే అందరూ 1923 కాకినాడ కాంగ్రెస్ నాటి ముచ్చట చెబుతారు. ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉన్న ఆ చిన్నపిల్ల, టికెట్ లేదని నెహ్రూని ఆపేసింది. నిజమే. కానీ ఆ సభలకు ముందే ఆమె ఆడవాళ్ల కోసం హిందీ పాఠశాల నడిపింది. తర్వాత మద్రాసులో బెనారస్ మెట్రిక్ పరీక్షకు ఆడపిల్లలను తయారుచేసింది. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రులు, కాలేజీల దాకా పెరగడానికి పునాది ఇలాంటి తరగతులే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే కోర్సులను 1958లో ఆ బోర్డే మొదలుపెట్టింది.

మేం చేస్తున్నదీ ఆ పనే. ఓపెన్ స్కూల్ పదో తరగతికి కట్టే ఆడవాళ్లకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా క్లాసు. వంట అయిపోయి, పిల్లలు ఇంకా బడి నుంచి రాని టైం అది. లెక్కలంటే టెన్షన్ ఉంటుంది కానీ అది నెమ్మదిగా పోతుంది. అసలు చిక్కు కాగితాల దగ్గర. బడి రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పుట్టిన తేదీ రెంటిలో రెండు రకాలు. ఎప్పుడో చదివిన ఊరి బడికి వెళ్లి పాత రిజిస్టరు తీయించాలి, ఆధార్ సరిచేయించాలి, ఈలోగా ఫీజు గడువు దాటకుండా చూసుకోవాలి. ఒక్కామె కోసం నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగే సభ్యురాలు చేసేది సేవ కాదా? దానికి ఫొటో ఏముంటుంది?

చీరలు ఇవ్వవద్దని అనను. తుఫాను వస్తే మేమూ పంచుతాం. ఆ డబ్బులో కొంత పరీక్ష ఫీజుకీ ఇవ్వండి.

అపోహ: డ్వాక్రా సంఘాలు వచ్చాక మండళ్లతో పనిలేదు.

డ్వాక్రా సంఘం సభ్యుల పొదుపు, అప్పు చూస్తుంది. మండలి అయితే, తన సభ్యులు కానివాళ్ల కోసం కూడా పనిచేస్తుంది. మా సభ్యుల్లో చాలామంది రెండింటిలోనూ ఉన్నారు.

అపోహ: స్వచ్ఛంద సేవకి లెక్కలెందుకు?

2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, జమాఖర్చులు తప్పవు. మా పుస్తకం ఏ సభ్యురాలు అడిగినా చూపిస్తాం.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి మండలికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. మాకు అవి లేవు కాబట్టి అలాంటి డబ్బు తీసుకోం. వాళ్లను అడిగేది ఒక్కటే: ఆదివారం మనకి సాయంత్రం, అక్కడ పొద్దున. ఓ గంట వీడియో కాల్‌లో లెక్కలో ఇంగ్లీషో చెప్పండి.