ఖాళీ బిందెల లెక్క: బి విటమిన్లూ, డీఎన్‌ఏ మీది గుర్తులూ

బి విటమిన్లు జన్యువులను మారుస్తాయని ఒక ప్రకటనలో చదివానని, అది నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ ప్రకటన రాసినవారు ఒక నిజాన్ని ఎక్కడో విని, తమ సరుకుకు సరిపోయేలా సాగదీశారు. జన్యువుల్లోని అక్షరాలను ఏ విటమినూ మార్చదు. అయితే ఆ అక్షరాల మీద కణం అంటించే ఒక రసాయన గుర్తు ఉంది. దానికి కావలసిన ముడిసరుకును చేతులు మార్చి అందించే పనిలో నాలుగు బి విటమిన్లున్నాయి. ముడిసరుకు అందించడం వేరు, గుర్తు ఎక్కడ పడాలో నిర్ణయించడం వేరు. నిన్నటిదాకా అంతా జన్యువుల్లో రాసిపెట్టి ఉందన్నవారే ఇవాళ దాన్ని మాత్రతో చెరిపి రాసుకోవచ్చంటున్నారు. నాకైతే రెండూ జాతకాల నమ్మకంలాగే కనిపిస్తాయి.

ఆ గుర్తు పేరు మిథైల్: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్ (సి) వెంటనే గ్వానిన్ (జి) వచ్చే చోట్ల ఇది సైటోసిన్‌కు అతుక్కుంటుంది. మనిషి జన్యుసముదాయం ఒక ప్రతిలో అలాంటి చోట్లు దాదాపు 2.8 కోట్లు. వాటిలో 70 నుంచి 80 శాతం దాకా గుర్తు పడి ఉంటాయి. జన్యువు మొదలయ్యే చోట గుర్తులు దట్టంగా ఉంటే సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. కణం రెండుగా చీలే ముందు డీఎన్‌ఏ నకలు తయారవుతుంది కదా, ఆ కొత్త పోగు మీద గుర్తులుండవు. పాత పోగును చూసి మళ్లీ పెట్టాలి. లెక్క వేస్తే ఒక్కో పిల్లకణానికి సుమారు నాలుగు కోట్ల మిథైళ్లు కావాలి. ఇన్ని ఎక్కడి నుంచి వస్తాయన్నదే ఇక్కడ నన్ను పట్టుకున్న సంగతి.

బావి నుంచి పొలం దాకా వరసగా నిలబడి బిందెలు అందించుకునే మనుషులను ఊహించండి. బావి సెరైన్ అనే అమైనో ఆమ్లం. తోడే బిందె ఫోలేట్, అంటే బి-9. తోడే మనిషికి ఊతం బి-6. ఇలా పైకి వచ్చిన కార్బన్ ఇంకా మిథైల్ కాదు, దాన్ని వేరే పనులకూ వాడుకోవచ్చు. తర్వాతి మనిషి ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే ఎంజైము, చేతిలో బి-2 పనిముట్టు. ఇతడు కార్బన్‌ను మిథైల్‌గా మార్చి బిందెకు గట్టిగా మూత బిగిస్తాడు. ఒకసారి మూత పడితే ఆ బిందె వెనక్కి పోలేదు, వేరే పనికీ రాదు. మూత తీయగలిగినవాడు ఒక్కడే: బి-12 పట్టుకుని నిలబడిన మెథియొనిన్ సింథేజ్ అనే ఎంజైము. అతడు ఫోలేట్ బిందెలోని మిథైల్‌ను హోమోసిస్టీన్ అనే రెండో రకం బిందెలోకి ఒంపుతాడు. నిండిన హోమోసిస్టీనే మెథియొనిన్. దానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి అడినోసిన్ తగిలిస్తే ఎస్-అడినోసిల్ మెథియొనిన్ తయారవుతుంది. దీన్ని సామ్ అందాం. ఇందులో గంధకం మీద ధనావేశం ఉంటుంది కాబట్టి మిథైల్ ఎప్పుడెప్పుడు జారిపోదామా అని చూస్తుంటుంది. బిందె మూతి వంచి పట్టుకున్నట్టే.

పొలం దగ్గర, అంటే డీఎన్‌ఏ దగ్గర, జరిగేది మరీ చిత్రం. గుర్తు పెట్టే ఎంజైము సైటోసిన్‌ను డీఎన్‌ఏ మెలిక లోపలి నుంచి పూర్తిగా బయటికి తిప్పి తన గుంటలోకి లాక్కుంటుంది. ఈ తిప్పుడును 1994లో ఒక బ్యాక్టీరియా ఎంజైము స్ఫటికంలో తొలిసారి స్పష్టంగా చూశారు. ఎంజైములోని సిస్టీన్ గంధకం సైటోసిన్ ఆరో కార్బన్‌కు అతుక్కోగానే ఐదో కార్బన్‌కు ఎలక్ట్రాన్ల ఒత్తిడి పెరుగుతుంది, అది సామ్ మీది మిథైల్‌ను అందుకుంటుంది. తర్వాత ఐదో కార్బన్ మీది హైడ్రోజన్ ఊడిపోతుంది, సిస్టీన్ విడిపోతుంది, మిథైల్ తగిలిన సైటోసిన్ తన చోటికి తిరిగి వెళుతుంది.

మరి ఖాళీ అయిన బిందె? దాని పేరు ఎస్-అడినోసిల్ హోమోసిస్టీన్, సాహ్ అందాం. పాఠ్యపుస్తకాల్లో బాణం చివర చిన్న అక్షరాల్లో పడి ఉండే ఈ సాహ్ మీదే మొత్తం కథ నడుస్తుంది. ఖాళీ బిందె నిండు బిందెలాగే ఉంటుంది కాబట్టి మిథైల్ పెట్టే ఎంజైముల చేతికి అతుక్కుని వదలదు. చేతిలో ఖాళీ బిందె ఉన్నవాడు నిండు బిందె ఎలా అందుకుంటాడు? కాబట్టి సామ్ ఎంత ఉందన్నదానితో పాటు సాహ్ ఎంత పేరుకుందో కూడా చూడాలి. సాహ్‌ను హోమోసిస్టీన్‌గానూ అడినోసిన్‌గానూ విడగొట్టే ఎంజైముకు మరో పేచీ ఉంది. దాని చర్య ఇరువైపులా నడుస్తుంది, పైగా సహజంగా మొగ్గేది సాహ్ వైపే. హోమోసిస్టీన్‌ను వెంటవెంటనే తీసేస్తేనే అది ముందుకు నడుస్తుంది. ఫోలేటో బి-12నో తగ్గి హోమోసిస్టీన్ పేరుకుంటే చర్య వెనక్కి తిరిగి సాహ్ పెరుగుతుంది, ఖాళీ బిందెలు పొలం దాకా అడ్డం పడతాయి. హోమోసిస్టీన్‌ను వదిలించుకునే దారులు ఇంకో రెండున్నాయి. బి-6 సాయంతో దాన్ని సిస్టీన్ వైపు మళ్లించవచ్చు. కాలేయం, మూత్రపిండాల్లోనైతే కోలీన్ నుంచి వచ్చే బీటేన్ నేరుగా నింపగలదు.

పొలం ఒకటే కాదు. సామ్‌లో సింహభాగం క్రియాటిన్ తయారీకీ, కణపొరల్లో ఉండే ఫాస్ఫాటిడైల్ కోలీన్‌కూ పోతుంది. డీఎన్‌ఏ చిన్న ఖాతాదారు. నీళ్లు ఎక్కువైతే కాలువకు గండి కొట్టే ఏర్పాటు కూడా ఉంది. కాలేయంలో ఒక ఎంజైము మిగులు మిథైళ్లను గ్లైసిన్‌కు తగిలించి సార్కొసిన్‌గా పక్కకు తోసేస్తుంది. సామ్ పెరిగితే అదే మూత బిగించేవాడి చేయి పట్టుకుని ఆపుతుంది. రెట్టింపు మాత్రలు మింగితే రెట్టింపు గుర్తులు పడవని చెప్పడానికి ఈ రెండు పగ్గాలే చాలు.

ఇప్పుడు బి-12 లేకుండా చేయండి. మూత పడిన ఫోలేట్ బిందెలు ఒకవైపు, ఖాళీ హోమోసిస్టీన్ బిందెలు మరోవైపు గుట్టలు పడతాయి. శరీరంలో ఫోలేట్ ఉంటుంది, కానీ పనికిరాదు. మూత వేయకముందటి కార్బన్ డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన థైమిన్ (టి) తయారీకి కావాలి, అది అందక ఎర్రకణాల తయారీ కుంటుపడి రక్తహీనత వస్తుంది. ఇక్కడ మాత్రల ఫోలిక్ ఆమ్లం ఇస్తే అది మూత లేని దారిలో ప్రవేశిస్తుంది, థైమిన్ తయారవుతుంది, రక్తం బాగుపడుతుంది. బి-12 లోపం మాత్రం అలాగే ఉండి నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. విటమిన్లంటే లోపం, రోగం అని రెండు నిలువు వరుసల పట్టిక బట్టీ పట్టించే చదువులో ఈ ముడి కనిపించదు. థైమిన్ దారి ఎంత కీలకమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో సంశ్లేషించింది లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. ఫోలేట్ పనికి అడ్డుపడే ఎమైనోప్టెరిన్ కూడా అక్కడిదే. దానితో పిల్లల లుకీమియాను, అంటే రక్త క్యాన్సర్‌ను, తాత్కాలికంగానైనా అణచవచ్చని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో చూపించాడు.

సరే, మనుషుల్లో గుర్తులు నిజంగా తగ్గుతాయా? 2000లో వెలువడిన ఒక పరిశోధనలో వయసు మళ్లిన స్త్రీలకు ఏడు వారాల పాటు రోజుకు 118 మైక్రోగ్రాముల ఫోలేట్ మాత్రమే ఇచ్చారు. పెద్దవారికి సిఫారసు చేసేది 400. తెల్లకణాల డీఎన్‌ఏలో మిథైల్ గుర్తులు తగ్గాయి. మళ్లీ ఏడు వారాలు ఫోలేట్ పెంచి ఇచ్చినా అవి గణనీయంగా కోలుకోలేదు. మూత బిగించే ఎంజైము జన్యువులో 677వ చోట సి అక్షరం బదులు టి ఉన్న రూపం కొందరికి తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. ఆ రూపం నుంచి తయారైన ఎంజైము తన బి-2 పనిముట్టును తేలికగా జారవిడుస్తుంది. అలాంటివారిలో గుర్తులు తక్కువగా ఉండటం ఫోలేట్ కూడా తక్కువైనప్పుడే కనిపించిందని 2002లో తేలింది. జన్యువు, ఆహారం కలిసి చేసే పనికి ఇంతకన్నా ముచ్చటైన ఉదాహరణ నాకు తెలియదు.

ఎక్కువ ఇచ్చిన కథ వేరు. నెదర్లాండ్స్‌లో హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్న వృద్ధులకు రెండేళ్లు ఫోలిక్ ఆమ్లం, బి-12 ఇచ్చారు. వారిలో కొందరి డీఎన్‌ఏలో నాలుగున్నర లక్షల చోట్లు వెదికితే తేడా కనిపించినవి బహు కొద్ది. గర్భధారణ తొలి రోజులు మాత్రం ప్రత్యేకం. అప్పుడు పాత గుర్తులు చాలావరకు చెరిగి కొత్తవి పడుతుంటాయి. గాంబియాలో వానాకాలంలో కడుపున పడ్డ పిల్లలకు, ఎండాకాలంలో పడ్డ పిల్లలకు మధ్య కొన్ని ప్రత్యేక స్థానాల్లో మిథైల్ తేడా ఉందని 2014లో ప్రకటించారు. ఆ రెండు కాలాల్లో తల్లుల రక్తంలోని పోషకాలు కూడా వేరుగా ఉన్నాయి. ఈ తేడా పిల్లల రక్తంలోనూ వెంట్రుక కుదుళ్లలోనూ కనిపించింది. రెండు వేర్వేరు కణజాలాల్లో ఒకే తీరు కనిపించిందంటే, గుర్తు అవి విడిపోకముందే పడి ఉండాలి.

వెంట్రుక కుదుళ్లను చూడటం ఎందుకంత విలువైనదంటే, రక్తం ఒక్కటే కొలిస్తే చిక్కుంది. ఒక కణంలో, ఒక క్రోమోజోము మీద, ఒక చోట గుర్తు ఉంటుంది లేదా ఉండదు. ఉదాహరణకు నాలుగు శాతం తగ్గడమనేది ఏ ఒక్క చోటా జరగదు, అది కణాల గుంపు సగటు. రక్తంలో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు మొదలైన తెల్లకణాలకు ఎవరి గుర్తుల అమరిక వారిది. వాటి పాళ్లు మారితే ఒక్క మిథైల్ కూడా కదలకుండానే సగటు మారిపోతుంది. ఫోలేట్, బి-12 లోపాలు రక్తకణాల తయారీనే దెబ్బతీస్తాయి కాబట్టి ఈ పొరపాటుకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. అందువల్ల ఈ విషయం మీద కొత్త పరిశోధన ఏది వచ్చినా నేను మొదట వెదికేది, తెల్లకణాల పాళ్లను లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నదే.