నడిస్తే అలసట ఎలా పోతుంది?

పిల్లలూ, మీ అందరికీ ఆశీస్సులు.

మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం పొద్దున హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కుకు వెళ్తూ తనను కూడా రమ్మంటే, సోఫాలోంచి లేవకుండానే అడిగింది. "వారమంతా స్కూలు, ట్యూషన్‌తో అలసిపోయాను కదా తాతయ్యా, మళ్లీ నడిస్తే ఇంకా అలసిపోతాను, అలసట ఎలా పోతుంది?" మంచి ప్రశ్న. మీలో చాలామందికి ఇదే అనుమానం ఉండి ఉంటుంది, అందుకే తన ఒక్కదానికే చెప్పి ఊరుకోకుండా మీ అందరికీ రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి నిజంగా మీ కాళ్లు నొప్పి పుడుతున్నాయా, చెప్పండి. రోజంతా బెంచీ మీదే కూర్చున్నారాయె. పక్కవాడు గుసగుసలాడుతున్నా చెవి అటు పోనివ్వకుండా టీచరు మాట వినడం, లెక్కలో ప్లస్సు మైనస్సు తారుమారు కాకుండా చూసుకోవడం, రేపటి టెస్టు టెన్షన్, ఇవన్నీ మనసును బిగపట్టి చేసే పనులు. అలసింది మనసు. కాళ్లు పాపం పొద్దుటి నుంచీ పని లేక ఎదురుచూస్తున్నాయి.

మాది మున్నేటి ఒడ్డున ఊరు. ఎండాకాలం ఏరు ఎండిపోతే ఇసుకలో చెలమ తీసి నీళ్లు తెచ్చుకునేవాళ్లం. చెలమ అంటే చేతులతో తవ్విన చిన్న గుంట. మోచేతి లోతు తవ్వితే తడి తగులుతుంది, ఇంకాస్త తవ్వితే నీరు ఊరుతుంది. మొదట వచ్చేది మట్టినీరు. మా అమ్మ దాన్ని కొబ్బరిచిప్పతో తోడి పారబోసి, ఇక చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చునేది. నాకు అంత ఓపిక ఎక్కడిది, తేరిందా లేదా అని వేలు పెట్టి చూసేవాణ్ని, మళ్లీ మురికయ్యేది. అందుకని అమ్మ నన్ను నత్తగుల్లలు ఏరుకురమ్మని పంపించేది. ఇసుకంతా తిరిగి, పిట్టల కాలిగుర్తులు చూసుకుంటూ, జేబు నిండా గుల్లలతో తిరిగొచ్చేసరికి చెలమలో అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా నీళ్లు ఉండేవి. బోర్లా పడుకుని నోటితోనే తాగేవాణ్ని. ఎంత చల్లగా ఉండేవో!

ఊళ్లో పెళ్లి ఉంటే మాత్రం చెలమకు కష్టమే. అందరూ బిందెలు తెచ్చి ఒకరి తర్వాత ఒకరు తోడుతుంటే ఊట అందుకోలేక, పక్కల ఇసుక జారి గుంట పూడిపోయేది. మీ మనసుకు వారమంతా పెళ్లే. హోంవర్కు ఒక బిందె, టెస్టు ఒక బిందె, స్నేహితురాలితో వచ్చిన తగువు మరో బిందె. సరే, ఆదివారం సోఫాలో పడుకుని ఫోను చూస్తే విశ్రాంతే కదా అంటారు. ఒళ్లు పడుకుంది, నిజమే. కానీ ఒక్కో రీలూ వచ్చి ఒక్కో చెంబు ముంచుకుపోతూనే ఉంది, ఊరేది ఎప్పుడు? పోనీ ఫోను పక్కన పెట్టి ఊరికే కూర్చుందామంటే, చెయ్యి ఊరుకోదు, అదే టెస్టును మళ్లీ మళ్లీ కెలుకుతుంది. అందుకే నత్తగుల్లలు కావాలి. పార్కులో కొమ్మ ఊగితే చూస్తారు, ఉడత పరుగెత్తితే తల తిప్పుతారు, చూడకపోయినా ఎవరూ మార్కులు తగ్గించరు. మీరు అటు తిరుగుతుంటే ఇటు నీరు తేరుకుంటుంది.

పెద్దవాళ్లలో కూడా దీన్ని పరీక్షించి చూశారు. రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు, పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న రోగుల రికార్డులు తీసి చూశాడు. కొందరి గది కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, మరికొందరి కిటికీలోంచి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే అవసరమయ్యాయి. 1984లో వచ్చిన ఫలితం ఇది. మంచం మీద పడుకుని చూసినందుకే అంత మేలైతే, ఆ చెట్ల మధ్యకు మీ కాళ్లతో మీరే నడిచి వెళ్లగలిగినప్పుడు వెళ్లకపోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

ఇక మా కేబీఆర్ సంగతి. ఒకప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు పెట్టిన ఈ అడవిని 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ట్రాఫిక్ మధ్య సుమారు 390 ఎకరాలు! ఇప్పుడు వానలు కదా, నెమళ్లు పురి విప్పే కాలం. అరుపు ముందు వినిపిస్తుంది, పక్షి తర్వాత కనిపిస్తుంది, ఒక్కోసారి అరుపుతోనే సరిపెట్టుకోవాలి. వానలు వెనకబట్టేసరికి మగనెమలి ఆ పొడవాటి ఈకలన్నీ రాల్చేసి, మళ్లీ కొత్తవి పెంచుకుంటుంది.

నాకు మాత్రం అక్కడి బండలంటే ప్రాణం. ఈ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. రాక్షసబల్లులు అంతరించి 6.6 కోట్ల ఏళ్లే అయింది, అంటే అవి పుట్టకముందే ఈ రాయి ముసలిది. అంత గుండ్రంగా వాటిని ఎవరు చెక్కారు? రాతి పగుళ్లలోకి వాననీరు దిగి మెల్లగా తినేస్తుంది. మూలకు మూడు వైపుల నుంచి దెబ్బ, అంచుకు రెండు, చదునైన ముఖానికి ఒకటే, అందుకని ముందు మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఒక బండ మీద అరచెయ్యి పెట్టి సోమవారం టెస్టును తలుచుకోండి. చదవడం తప్పదు, కానీ బిగపట్టిన ఊపిరి వదులవుతుంది. ఎలాగని నన్ను అడగకండి, చెయ్యి పెట్టి చూడండి.

హైదరాబాద్ పిల్లలే కానక్కర్లేదు. విశాఖ వాళ్లకు కంబాలకొండ ఉంది, వరంగల్ వాళ్లకు భద్రకాళి చెరువు గట్టు ఉంది, తెలంగాణ పల్లెల్లో ప్రకృతి వనాలు వచ్చాయి. ఏదీ లేకపోతే కాలనీ చివర నాలుగు వేపచెట్లున్నా చాలు. అమ్మనో నాన్ననో తీసుకెళ్లండి. అడుగులు లెక్కపెట్టకండి, చెవుల్లో ఏమీ పెట్టుకోకండి, చిప్స్ కవరు అక్కడ పారేయకండి. దారిలో ఎక్కడికి వచ్చేసరికి రోడ్డు హారన్లు వినిపించడం మానేశాయో గుర్తుపెట్టుకోండి. రాళ్లున్న చోట ఆగి, పగుళ్లలో మొలిచిన మొక్క ఏమిటో చూడండి, పేరు తెలియకపోతే తెంపకుండా ఆకు బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య