గ్రాఫిక్స్ కార్డుకు నీటి కూలింగ్: డబ్బు ఎక్కడ పెట్టాలి?

వరంగల్ పాఠకుడొకరు పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. ఆయన జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డును సెకండ్ హ్యాండ్‌లో కొని, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ యానిమేషన్ పనులకు వాడుతున్నారు. రెండర్ (దృశ్యాన్ని లెక్కగట్టి బొమ్మగా మార్చే పని) మొదలైన కాసేపటికే చిప్పు 84 డిగ్రీలకు చేరుతోందనీ, ఫ్యాను హోరుకు ఇంట్లోవాళ్లు విసుక్కుంటున్నారనీ, స్నేహితుడి దగ్గర ప్రాసెసర్‌కు వాడే లిక్విడ్ కూలర్ ఒకటి ఊరికే పడివుందనీ, దాన్ని ఈ కార్డుకు తగిలించవచ్చా అనీ ఆయన అడిగారు. 84 డిగ్రీలన్నది తయారీదారు ఆ కార్డుకు పెట్టిన లక్ష్యం; అక్కడికి చేరాక కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కూలర్‌ను తగిలించవచ్చు, అది చక్కగా పనిచేస్తుంది కూడా. అయితే అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే, ఏ భాగానికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కరలేదో కూడా తేలిపోతుంది.

ఈ కార్డు 250 వాట్లు తింటుంది. మెమరీ చిప్పులకూ, విద్యుత్తును సరిచేసే భాగాలకూ పోయేది తీసేస్తే ప్రధాన చిప్పు ఒక్కదానిలో సుమారు 200 వాట్లు వేడిగా మారుతాయనుకుందాం. ఇంట్లో ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు తీసుకుంటుంది కాబట్టి 200 అన్నది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ ఇస్త్రీ పెట్టె అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు, ఈ చిప్పు వైశాల్యం 471 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఐదు చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. ఇస్త్రీ పెట్టెలో ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి 5 వాట్లు వెలువడుతుంటే, చిప్పు నుంచి 42 వాట్లకు పైగా వెలువడుతున్నాయి. ఇస్త్రీ పెట్టె వేడెక్కాలనే మనం కోరుకుంటాం, అది మితిమీరితే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. చిప్పు మాత్రం అంతకు ఎనిమిది రెట్ల సాంద్రతతో వేడిని పుట్టిస్తూనే, మరుగుతున్న నీటికన్నా చల్లగా ఉండాలి. ఆ సిలికాన్ ముక్క బరువు ఒక గ్రాముకు లోపే గనక, వేడి బయటికి పోయే దారి పూర్తిగా మూసేస్తే దాని ఉష్ణోగ్రత సెకనుకు 300 డిగ్రీలకు పైగా పెరగాలి. కూలర్ చేసే పనంతా ఈ కొద్దిపాటి చోటు నుంచి వేడిని పట్టుకుపోయి, గాలికి తగిలేంత విశాలమైన చోట పరచడమే.

ఇక్కడ నీటి గురించిన ఒక అపోహను తొలగించాలి. నీరు చల్లనిది కాబట్టి చల్లబరుస్తుందని చాలామంది అనుకుంటారు. మూసివున్న గొట్టాలలో తిరిగే నీరు పది నిమిషాలు గడిచేసరికి గది గాలికన్నా వేడిగానే ఉంటుంది, కార్డు పనిచేస్తున్నంతసేపూ అలాగే ఉంటుంది. దాని గొప్పతనం వేడిని మోయడంలో ఉంది. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4,180 జౌళ్లు తీసుకుంటే, ఒక లీటరు గాలికి సుమారు 1.2 జౌళ్లు చాలు. నిమిషానికి ఒక లీటరు ప్రవాహం, అంటే ఒక చిన్న పంపు సులువుగా ఇచ్చే ప్రవాహం, ఒక్కో డిగ్రీ పెరుగుదలకు 70 వాట్లను మోసుకుపోతుంది. అందువల్ల 200 వాట్లకు నీరు చిప్పు దగ్గర ప్రవేశించిన చోటికీ, బయటికి వచ్చే చోటికీ మధ్య తేడా మూడు డిగ్రీలే. ఖరీదైన పంపు పెట్టి ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఆ మూడు ఒకటిన్నర అవుతుంది. పంపు మీద అదనంగా పెట్టే ప్రతి రూపాయీ ఆ ఒకటిన్నర డిగ్రీ కోసమే పెడుతున్నట్టు.

మోయడం తేలికే గానీ, చిప్పులోని వేడిని నీటిలోకి ఎక్కించడం అంత తేలిక కాదు. నాకు ఈ వ్యవస్థ మొత్తంలో అత్యంత ఆసక్తికరంగా తోచే భాగం అదే. నునుపైన లోహపు పలక మీదుగా నీటిని పారిస్తే, పలకను ఆనుకున్న పలుచని పొర దాదాపు కదలదు, వేడి ఆ పొర గుండా వాహకత ద్వారానే పాకాలి. నీటి ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.6 వాట్లు మాత్రమే, రాగిది 400. కాబట్టి వేడి నీటిలో ప్రయాణించవలసిన దూరాన్ని తగ్గించాలి. గొట్టంలో నీరు సుడులు లేకుండా సాఫీగా పారుతున్నప్పుడు పారే ద్రవం కదలని ద్రవంకన్నా ఎన్ని రెట్లు వేడిని తీసుకుంటుందో చెప్పే నుసెల్ట్ సంఖ్య అనే ప్రమాణం స్థిరంగా, గుండ్రటి గొట్టానికైతే 4.36గా ఉంటుంది. ఉష్ణ బదిలీ గుణకం ఆ సంఖ్యను వాహకతతో గుణించి వ్యాసంతో భాగించినంత. పది మిల్లీమీటర్ల గొట్టానికి ఇది చదరపు మీటరుకు, డిగ్రీకి 260 వాట్లు వస్తే, 0.2 మిల్లీమీటర్ల గొట్టానికి 13,000 వస్తుంది. పంపు పెద్దది చేయకుండా, నీటి వేగం పెంచకుండా, కేవలం దారిని ఇరుకు చేయడం వల్ల యాభై రెట్ల లాభం కలిగింది.

1981లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ టకర్‌మన్, ఫేబియన్ పీస్ అనే ఇద్దరు ఈ లెక్కను చివరికంటా లాగి చూశారు. సిలికాన్ ముక్క వెనుకవైపునే 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు, 300 మైక్రాన్ల లోతుగల కాలువలు చెక్కి, వాటిలోకి నీటిని నెట్టి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని 71 డిగ్రీల పెరుగుదలతో తీసివేయగలిగారు. మన కార్డు చిప్పుకు కావలసింది అందులో పద్దెనిమిదో వంతే. ఈనాడు నాలుగైదు వేల రూపాయలకు దొరికే లిక్విడ్ కూలర్‌లోని రాగి పలక లోపలివైపు కూడా దువ్వెన పళ్లలా సన్నని రెక్కలు చెక్కి ఉంటాయి. మూడు సెంటీమీటర్ల చతురస్రంలో 0.1 మిల్లీమీటర్ల మందం, 0.1 మిల్లీమీటర్ల సందు, రెండు మిల్లీమీటర్ల ఎత్తుతో రెక్కలున్నాయనుకుంటే, అలాంటివి 150 పడతాయి. వాటి రెండు పక్కలా కలిపి నీటికి తగిలే వైశాల్యం 180 చదరపు సెంటీమీటర్లు. తొమ్మిది చదరపు సెంటీమీటర్ల పలకలో ఇందాకటి ఇస్త్రీ పెట్టె అడుగంత వైశాల్యం దాదాపుగా ఇమిడిపోయిందన్నమాట. వేడి రెక్క కొనదాకా పూర్తిగా పాకదు గనక సగం వైశాల్యమే పనికొచ్చిందనుకున్నా, 200 వాట్లు నీటిలోకి ఎక్కడానికి రెండు డిగ్రీల తేడా సరిపోతుంది. ఆ సందులు అంత సన్నగా ఉండటం వల్లనే చిన్న నలక కూడా వాటిని పూడ్చేయగలదు. మూసివున్న కూలర్‌ను విప్పి కుళాయి నీళ్లు పోయకూడదని చెప్పడానికి ఇది ఒక్కటే చాలు.

ఇప్పుడు చిప్పుకూ రాగి పలకకూ మధ్య ఉండే థర్మల్ పేస్టు సంగతి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ఉష్ణ నిరోధం అంటే మందాన్ని వాహకతతోనూ వైశాల్యంతోనూ భాగించాలని అందరూ బట్టీపట్టినవారే. రెండు కడ్డీలను చివరలు కలిపి పెట్టిన లెక్క మార్కుల కోసం చేసినవారే. ఆ సూత్రాన్ని చేతిలోని వస్తువు మీద ఎవరూ ప్రయోగించి చూపకపోవడం మన బోధనలోని పాత లోపం. మీటరుకు, డిగ్రీకి 5 వాట్ల వాహకతగల మామూలు పేస్టు, 50 మైక్రాన్ల పొర, 471 చదరపు మిల్లీమీటర్ల చిప్పు తీసుకుంటే 200 వాట్లకు తేడా నాలుగు డిగ్రీలు. అదే పొర 200 మైక్రాన్లయితే తేడా పదిహేడు డిగ్రీలు. పేస్టు ఖరీదుకన్నా పలకను సమంగా, గట్టిగా అదిమిపట్టే స్క్రూలు ముఖ్యమని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. దసరా ఆయుధపూజ నాడు కేబినెట్‌కు బొట్టు పెట్టేవారిని ఎగతాళి చేసే మిత్రులే, పేస్టును బఠాణీ గింజంత పెట్టాలా, ఇంటూ గుర్తులా గీయాలా అన్న విషయంలో మడి కట్టుకుని వాదిస్తుంటారు. ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటుంది గనక అక్కడ ఏ పద్ధతైనా నడిచిపోతుంది. గ్రాఫిక్స్ చిప్పుకు మూత ఉండదు, సిలికాన్ నేరుగా పలకను తాకుతుంది. అందువల్ల పేస్టు అంటని మూల ఒక్కటి ఉన్నా అక్కడ వేడి పేరుకుంటుంది, చిప్పంతటా పలుచగా పూయడమే సరైన పద్ధతి.

మూత లేకపోవడం మరో విధంగా మేలు చేసింది. దారిలో ఒక లోహపు పొరా, ఒక పేస్టు పొరా తగ్గిపోయాయి కాబట్టి, నీటిలోని వేడిని గాలికి వదిలే రేడియేటర్ ప్రాసెసర్ విషయంలో అంతంతమాత్రం అనిపించే 120 మిల్లీమీటర్లదే అయినా గ్రాఫిక్స్ కార్డుకు బాగా సరిపోతుంది. తయారీదారులే దీన్ని నిరూపించారు. 2014లో ఏఎండీ విడుదల చేసిన ఆర్9 295ఎక్స్2 కార్డులో రెండు చిప్పులు కలిసి 500 వాట్లు తీసుకునేవి, వాటన్నిటికీ ఉన్నది ఒకే ఒక 120 మిల్లీమీటర్ల రేడియేటర్. మరుసటి ఏడాది వచ్చిన 275 వాట్ల ఫ్యూరీ ఎక్స్ కూడా అదే కొలత రేడియేటర్‌తో వచ్చింది.

అసలు పెద్ద అంకె రేడియేటర్ దగ్గరే ఉంది. నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలిని నెట్టే ఫ్యాను పెడితే, 200 వాట్లు మోయడానికి ఆ గాలే ఏడు డిగ్రీలు వేడెక్కుతుంది. నీటికీ గాలికీ మధ్య ఉండవలసిన తేడా కూడా కలుపుకుంటే, నీరు గది గాలికన్నా పదిహేను, పదహారు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. ఇక కూడిక చేద్దాం. గది 34, రేడియేటర్ దగ్గర 16, నీటి ప్రవాహంలో 3, రెక్కల దగ్గర 2, రాగి పలకలో వేడి విస్తరించడానికి 2, పేస్టులో 4, సిలికాన్‌లోనే మరో 2, మొత్తం 63 డిగ్రీలు. ఇది అంచనా లెక్కే అయినా, వాటాల పోలిక మారదు. గది పైన పెరిగిన 29 డిగ్రీలలో సగానికి పైగా గాలి దగ్గరే ఖర్చయింది. కొనేవారు పంపు మీది రంగుల దీపాలకు డబ్బు పెట్టే బదులు 240 మిల్లీమీటర్ల రేడియేటర్‌కు పెడితే, ఆ 16 దాదాపు సగానికి దిగుతుంది. మే నెలలో డాబా మీది గది 40 డిగ్రీలకు చేరితే మాత్రం చిప్పు కూడా సరిగ్గా ఆరు డిగ్రీలు ఎక్కుతుంది, దాన్ని ఏ కూలరూ ఆపలేదు.

ఐస్ నీళ్లు వాడితే ఆపవచ్చు కదా అని కొందరు, గొట్టాన్ని ఫ్రిజ్‌లోంచి తిప్పితే సరి అని మరికొందరు అంటారు. ఇంట్లో ఫ్రిజ్ నిరంతరంగా తోడగల వేడి సాధారణంగా 150, 200 వాట్లకు మించదు, కాబట్టి కార్డు ముందు అదే ఓడిపోతుంది. ఐస్ నీళ్ల ప్రమాదం వేరు. విశాఖపట్నంలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజున మంచుబిందు ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీలు. అంతకన్నా చల్లగా ఉన్న ప్రతి లోహం మీదా, కార్డు బోర్డుతో సహా, చెమ్మ పడుతుంది.

అమర్చే విధానానికి వస్తే, ఎన్‌జెడ్ఎక్స్‌టీ సంస్థ క్రాకెన్ జీ10, జీ12 అనే పేర్లతో లోహపు బ్రాకెట్లు తెచ్చింది. అసెటెక్ తయారుచేసిన గుండ్రటి పంపులు వాటిలో కూర్చుంటాయి. బ్రాకెట్ దొరకనివారు కొందరు పంపును కార్డు రంధ్రాల గుండా ప్లాస్టిక్ కేబుల్ టైలతో బిగించి పనిచేయించారు. పైన చెప్పిన 200 మైక్రాన్ల పేస్టు లెక్క గుర్తుంటే, నాలుగు టైలనూ ఒకేసారి కాక, మూలకు మూల కొద్దికొద్దిగా లాగాలని ఎందుకంటారో అర్థమవుతుంది. నేనైతే బ్రాకెట్‌కే ఓటు వేస్తాను, ఎందుకంటే దానిలో 92 మిల్లీమీటర్ల ఫ్యాను కూడా అమరుతుంది. ఆ ఫ్యాను అలంకారం కాదు. కార్డుతో వచ్చిన హీట్ సింక్‌ను, అంటే వేడిని గాలికి వదిలే లోహపు రెక్కల దిమ్మను, తీసేసినప్పుడు విద్యుత్తును సరిచేసే మాస్‌ఫెట్‌లూ, మెమరీ చిప్పులూ దిక్కులేనివవుతాయి. కార్డులోకి వచ్చే 12 వోల్టులను ఒక వోల్టు దగ్గరికి దించే క్రమంలో పదో వంతు వృథా అయినా పాతిక వాట్లు ఆ చిన్న భాగాలలోనే వేడిగా మారతాయి. ప్రధాన చిప్పు 60 డిగ్రీలే చూపిస్తోందని మురిసిపోతుండగా ఇవి కాలిపోయే అవకాశం ఉంది. వాటిమీద వేడిని వహించే జిగురుతో చిన్న అల్యూమినియం హీట్ సింకులు అతికించి, వాటిపైకి గాలి తగిలేలా చూడాలి.

అక్వేరియం పంపు, కారు రేడియేటర్, బ్యాటరీ వాటర్ (లవణాలు తీసేసిన శుద్ధమైన నీరు) కలిపి ఇంకా చవకగా సొంతంగా అల్లుకోవచ్చా అని కూడా పాఠకుడు అడిగారు. వేడి లెక్కల ప్రకారం అది పనిచేస్తుంది, రసాయనశాస్త్రమే ఒప్పుకోదు. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీటిలో ఉంటే బ్యాటరీ తయారైనట్టే. రాగి ప్రమాణ విద్యుత్ పొటెన్షియల్ ప్లస్ 0.34 వోల్టులు, అల్యూమినియానిది మైనస్ 1.66. ఈ తేడా వల్ల అల్యూమినియం మెల్లగా కరిగి, ఆ మడ్డి పోయి సరిగ్గా ఆ 0.1 మిల్లీమీటర్ల సందుల్లోనే పేరుకుంటుంది. మూసివున్న కూలర్లలో కూడా ఈ రెండు లోహాలే ఉండటం మామూలే, కాకపోతే అందులోని ద్రవంలో తుప్పును అరికట్టే రసాయనాలు కలుపుతారు. శుద్ధమైన నీరు విద్యుత్తును దాదాపుగా ప్రసారం చేయదన్న ధైర్యంతో కారినా ఫరవాలేదనుకోవడం కూడా తప్పు. అది బోర్డు మీది దుమ్మును తాకగానే అందులోని లవణాలు కరిగి, శుద్ధమైన నీరన్న మాట పోతుంది.

వీటన్నిటికన్నా ముందు, పైసా ఖర్చు లేకుండా చేయదగిన పని ఒకటుంది. చిప్పు ఖర్చుచేసే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. అదే వేగం వద్ద 1.05 వోల్టులను 0.95కు దించగలిగితే ఆ ఖర్చు 18 శాతం తగ్గుతుంది. అంటే 200 వాట్లు దాదాపు 164 అవుతాయి, పై కూడికలో గది ఉష్ణోగ్రత తప్ప ప్రతి అంకె అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఏ చిప్పు ఎంతవరకు దిగుతుందన్నది దానికదే, కొద్దికొద్దిగా దించి రెండర్ ఆగిపోకుండా ఉందో లేదో చూసుకోవాలి.

ఆ తర్వాత కూడా హోరు తగ్గకపోతే, స్నేహితుడి కూలర్‌ను తెచ్చుకోవచ్చు. తెచ్చే ముందు దాని వయసు అడగాలి, ఎందుకంటే రబ్బరు గొట్టాల గోడల గుండా నీరు ఏళ్ల తరబడి అతి నెమ్మదిగా ఆవిరై పోతూనే ఉంటుంది, ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. పంపును ఏదో ఒక ఫ్యాన్ కనెక్టర్‌కు తగిలించి నడిపినప్పుడు గుడగుడమని శబ్దం వస్తుంటే లోపల గాలి చాలా ఉన్నట్టు. కొద్దిగా ఉన్న గాలి వల్ల ఇబ్బంది లేదు, రేడియేటర్ పైభాగం పంపుకన్నా ఎత్తులో ఉండేలా కేబినెట్‌లో బిగిస్తే ఆ బుడగ అక్కడే నిలిచిపోతుంది, పంపులోకి నీరే వస్తుంది.