తప్పు దొరికినంత మాత్రాన రచయిత దొంగ కాడు: చెస్ పుస్తకాల విమర్శ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ వారం కూడా ఒక మెసేజ్ వచ్చింది. పుస్తకం పేజీ ఫొటో, పక్కనే ఇంజిన్ (ఎత్తుల బలాబలాలు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) స్క్రీన్‌షాట్. రచయిత అద్భుతం అంటూ రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టిన ఎత్తుకు ఇంజిన్ మైనస్ రెండు, అంటే పెద్ద నష్టం, చూపిస్తోంది. కింద ఒకే లైను: "సార్, ఈయన ఫ్రాడే కదా? రివ్యూలో ఏకిపారేయండి." చెస్ పుస్తకాలకు రివ్యూలు రాయడం, అచ్చుకు వెళ్లే ముందు వేరియేషన్లు (ఇలా ఆడితే అలా అని చూపే ఎత్తుల వరుసలు) సరిచూడటం నా పని. అందుకని ఇలాంటి మెసేజ్‌లు నాకు అలవాటే.

అపోహ: ఇంజిన్ తప్పు పట్టిందంటే రచయిత మోసం చేసినట్టే.

ఎక్కువమందికి నష్టం చేసేది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను. రెండు బిషప్‌లకు ఎదురుగా ఒంటరి నైట్ ఉన్న ఎండింగ్ (ఆట చివరి దశ) తీసుకోండి. 1851లో క్లింగ్, హార్విట్జ్ అనే ఇద్దరు విశ్లేషకులు ఒక కోట లాంటి పొజిషన్ చూపించి, నైట్ ఉన్నవాడు అక్కడికి చేరుకుంటే డ్రా అన్నారు. ఆ తర్వాత 130 ఏళ్లకు పైగా ఎండ్‌గేమ్ పుస్తకాలు ఆ మాటనే నమ్మాయి. 1983లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ తయారుచేసిన డేటాబేస్ వచ్చి ఆ కోటను కూల్చవచ్చని, మామూలుగా బిషప్‌లదే గెలుపని, కాకపోతే అందుకు 66 ఎత్తుల దాకా పట్టవచ్చని తేల్చింది. అన్ని ఎత్తుల గెలుపును బోర్డు ముందు కూర్చుని ఏ మనిషి చూడగలడు? మరి అంతకుముందు డ్రా అని రాసినవాళ్లంతా అబద్ధాలకోరులేనా?

మోసం అనాలంటే రచయితకు అసలు సంగతి తెలుసని, తెలిసే దాచాడని చూపించాలి. పక్కవాడి విశ్లేషణను తనదిగా చెప్పుకున్నాడా? తను సిఫార్సు చేసిన ఓపెనింగ్‌కు దెబ్బకొట్టే వేరియేషన్‌ని కావాలని వదిలేశాడా? పాఠకులు రాసి పంపిన తప్పులన్నీ అలాగే ఉంచి అట్ట మీద 'సవరించిన ముద్రణ' అని వేశాడా? ఇవి మోసాలు, వీటిని మొహమాటం లేకుండా రాయాల్సిందే. ఇంజిన్ చూపించే అంకె మాత్రం వీటిలో ఒక్కటీ రుజువు చేయదు.

అసలు ఆ తప్పు ఆయనదేనా అన్నది కూడా చూడాలి. అమెరికన్ ఆటగాడు బాబీ ఫిషర్ పుస్తకం 'మై 60 మెమొరబుల్ గేమ్స్' 1969లో వచ్చింది. 1995లో ఒక ప్రచురణ సంస్థ దాన్ని ఆల్జిబ్రాయిక్ నొటేషన్‌లోకి (ఎత్తుల్ని గడుల పేర్లతో రాసే ఇప్పటి పద్ధతి) మారుస్తూ, ఎత్తుల మీద ఫిషర్ రాసిన నోట్స్‌లోనూ చేయి పెట్టింది. ఒక గేమ్‌లో అలా చేసిన దిద్దుబాటే తప్పు. ఫిషర్ మండిపడ్డాడు. 2008లో అసలు పాఠంతో మళ్లీ వేశారు. మధ్యలో ఆ 1995 ప్రతి చూసి ఫిషర్‌ని తప్పుపట్టినవాళ్లు ఆయన రాయని దానికి ఆయన్ని నిందించినట్టే కదా!

నేనూ తక్కువ తినలేదు. కెరీర్ మొదట్లో ఒక పెద్దాయన పుస్తకాన్ని రివ్యూ చేశాను. క్వీన్‌కి ఎదురుగా రూక్ ఉన్న ఒక ఎండింగ్‌ను ఆయన డ్రా అన్నాడు. నా ఇంజిన్ వైట్‌కి ప్లస్ నాలుగు ఇచ్చింది. ఇంకేముంది, 'చేతిలో ఉన్న గెలుపు రచయిత కంట పడలేదు' అని రాసేశాను. పదిరోజుల తర్వాత ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అందులో ఉన్నవి రెండే మాటలు: "గెలిచి చూపించండి." మూడు సాయంత్రాలు కూర్చున్నాను. బ్లాక్ రూక్ రెండు గడుల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది, నా రాజుకి లోపలికి దారి లేదు. ఇంజిన్ ప్లస్ నాలుగు దగ్గర అలాగే కూర్చుంది, ఎన్ని ఎత్తులు ఆడినా ముందుకు కదల్లేదు. నా రివ్యూ నిండు పేజీ వచ్చింది. సవరణ రెండు సంచికల తర్వాత, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే రాతప్రతి పూర్తయినా బయటపెట్టడానికి భయపడే కొత్త రచయితలంటే నాకు జాలి. "ఒక్క లైను తప్పుపోతే నా పరువేమవుతుంది సార్" అని టెన్షన్ పడుతుంటారు. పోనివ్వండి. ఒక్క తప్పూ లేని విశ్లేషణ పుస్తకం ఇంతవరకు నా చేతికి రాలేదు. తప్పుల పట్టిక వేయండి, ఎవరు పట్టించారో వాళ్ల పేరు రాయండి. అది చేసేవాణ్ని నేను రెట్టింపు నమ్ముతాను.

అపోహ: ఒకే వేరియేషన్ రెండు పుస్తకాల్లో ఉంటే కాపీ.

బలవంతపు ఎత్తులైతే ఎవరు విశ్లేషించినా అవే వస్తాయి. నేను వెతికేది ఉమ్మడి తప్పుల కోసం. ఒకే అచ్చుతప్పు, ఒకే అసాధ్యమైన ఎత్తు, వాక్యాల్లో అదే వరుస కనిపిస్తే అప్పుడు రెండు పేజీలూ పక్కపక్కన పెడతాను. పెట్టి, రాసే ముందు రచయితను అడుగుతాను. ఆయన ఎవరి దగ్గర తీసుకున్నాడో ముందుమాటలో చెప్పి ఉండొచ్చు, మనం ముందుమాట చదవం కదా.

అపోహ: ఎత్తులు ఎవరి సొత్తూ కావు, కాబట్టి నోట్స్ కూడా అంతే.

మొదటి సగం దాదాపు నిజమే. 2016 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ ఎత్తులను ఇతరులు ప్రసారం చేయకుండా ఆపమని నిర్వాహకులు న్యూయార్క్ కోర్టును అడిగితే జడ్జి ఒప్పుకోలేదు. నోట్స్ సంగతి వేరు. అవి రచయిత రాసిన మాటలు.

అపోహ: గ్రాండ్‌మాస్టర్‌ని విమర్శించాలంటే గ్రాండ్‌మాస్టర్ అయి ఉండాలి.

తేదీ తప్పని చూపడానికి పాత పత్రిక చాలు, రేటింగ్ ఎందుకు? మాజీ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ రాసిన 'మై గ్రేట్ ప్రిడెసెసర్స్' మొదటి సంపుటం 2003లో వచ్చినప్పుడు చరిత్ర వివరాల్లోని తప్పులను, ఆధార గ్రంథాల జాబితా లేకపోవడాన్ని ఎత్తిచూపినవాళ్లు ఆయనతో బోర్డు మీద తలపడగలవాళ్లు కారు. అయినా చెప్పింది సరైనదే.

పాత కథల మీద కోపం అనవసరం. 1912లో బ్రెస్లావ్ నగరంలో జరిగిన ఒక గేమ్‌లో అమెరికన్ ఆటగాడు మార్షల్ క్వీన్‌ని ఎరవేస్తే ప్రేక్షకులు బంగారు నాణేలు విసిరారంటారు. 'మార్షల్ అలా చెప్పుకున్నాడు' అని రాస్తే చాలు.

ఈ వారం మెసేజ్ పెట్టినాయన్ని ఏ ముద్రణ అని అడిగాను. "ముద్రణ తెలీదు సార్, ఎవరో ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్" అన్నాడు.