కరోనా టీకా పిల్లలకి వేయించాలా? ముందు ఏ పిల్లలకో చెప్పండి

పిల్లలకి కరోనా టీకా వేయించాలా వద్దా అని అమ్మానాన్నలు అడిగితే వెంటనే దొరికే జవాబులు రెండే. "ఆలోచించేదేముంది, వేయించెయ్యండి" అని ఒకరంటారు, "పసిపిల్లలకి ఎందుకండీ, ఏమైనా అయితే?" అని ఇంకొకరంటారు. పిల్లల వయసెంత, వేరే జబ్బులేమైనా ఉన్నాయా, ఇప్పటికే కరోనా వచ్చి పోయిందా అని మాత్రం ఇద్దరూ అడగరు. ఈ మూడూ తెలుసుకోకుండా చెప్పే సలహాకి విలువ లేదని నా గట్టి అభిప్రాయం. పదహారేళ్ల అబ్బాయికి లెక్క వేరు, ఆరేళ్ల పాపకి వేరు, పుట్టుకతో గుండె జబ్బున్న బిడ్డకి పూర్తిగా వేరు. పైగా 2021లో వేసిన లెక్క ఇప్పటికీ అలాగే ఉండదు.

మొదట జబ్బు సంగతి చూద్దాం. పెద్దవాళ్లతో పోలిస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని కరోనా తేలిగ్గానే వదిలేసింది. పిల్లల ముక్కు లోపలి పొరలో సహజ రక్షణ పెద్దవాళ్లలో కంటే ముందే సిద్ధంగా ఉంటుంది, ముఖ్యంగా ఇంటర్ఫెరాన్లనే పదార్థాలు త్వరగా విడుదలవుతాయి, దాంతో వైరస్ ఊపిరితిత్తుల దాకా దిగకముందే చాలాసార్లు అణిగిపోతుంది. అలాగని ముప్పు అసలే లేదని కాదు. 2020 ఏప్రిల్‌లో బ్రిటన్ డాక్టర్లు కొందరు పిల్లల్లో ఒక కొత్త జబ్బు గమనించారు. ఆగని జ్వరం, కడుపునొప్పి, ఎర్రబడ్డ కళ్లు, ఒంటిమీద దద్దుర్లు, కొందరికి బీపీ పడిపోయి ఐసీయూలో పెట్టాల్సిన పరిస్థితి. కరోనా సోకిన 2 నుంచి 6 వారాలకి, ఒక్కోసారి అది సోకిందని కూడా ఎవరికీ తెలియని పిల్లల్లో, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి ఒళ్లంతా వాపు పుట్టించేది. దీన్నే ఎంఐఎస్-సి అంటున్నారు. ఇది అరుదు, వైరస్ మారేకొద్దీ ఇంకా అరుదైంది. 12 నుంచి 18 ఏళ్ల వాళ్లలో ఫైజర్ టీకా రెండు డోసులు దీన్ని 91 శాతం అడ్డుకున్నాయని 2022 జనవరిలో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది.

ఇక టీకా ప్రయోగాలు. ఫైజర్ 12–15 ఏళ్ల వాళ్లు 2,260 మందితో చేసిన ప్రయోగంలో సగం మందికి టీకా, సగం మందికి మామూలు ఉప్పునీటి సూది వేశారు. రెండో డోసు పడిన వారం తర్వాత నుంచి చూస్తే ఉప్పునీటి సూది వేసినవాళ్లలో 16 మందికి కరోనా వచ్చింది, టీకా వేసినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. 5–11 ఏళ్ల వాళ్లకి మందు మోతాదు 30 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించారు, ఐదేళ్లలోపు వాళ్లకి 3కి. మా వాడు పదకొండేళ్లకే పెద్దవాడిలా ఉంటాడు, పెద్ద డోసు అక్కర్లేదా అని అడిగేవాళ్లుంటారు. అక్కర్లేదు. ఈ మోతాదు బరువును బట్టి పెట్టింది కాదు, ఆ వయసులో రోగనిరోధక శక్తి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చూసి పెట్టింది.

కానీ వెయ్యి చిల్లర మందికి టీకా వేసి చూస్తే, పదివేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది కంటపడదు. సరిగ్గా అదే జరిగింది. లక్షల డోసులు వేశాక, 2021 వేసవిలో, ఫైజర్ లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాలు (వైరస్‌ని కాకుండా, దాని ప్రొటీన్ ఒకటి తయారుచేసే సూచనని ఒంట్లోకి పంపేవి) వేయించుకున్న కొందరు కుర్రాళ్లకి గుండె కండరం వాస్తోందని తేలింది. దీని పేరు మయోకార్డైటిస్. ఎక్కువగా అబ్బాయిల్లోనే, ఎక్కువగా రెండో డోసు తర్వాతే, అదీ వారంలోపే. అమెరికా లెక్కల ప్రకారం ఫైజర్ రెండో డోసు తర్వాత 16–17 ఏళ్ల అబ్బాయిల్లో పది లక్షల డోసులకి సుమారు 106 కేసులు, 12–15 ఏళ్ల అబ్బాయిల్లో 71. అదే 16–17 ఏళ్ల అమ్మాయిల్లో 11 మాత్రమే. చిన్న మోతాదు తీసుకునే 5–11 ఏళ్ల వాళ్లలో ఇది బాగా తక్కువ. ఆస్పత్రిలో చేరినవాళ్లలో 87 శాతం మందికి ఇంటికి వెళ్లే సమయానికే లక్షణాలు తగ్గిపోయాయి, చాలామందికి వాడింది వాపు, నొప్పి తగ్గించే మామూలు మందులే. అయితే కొందరికి నెలల తర్వాత కూడా గుండె ఎంఆర్ఐలో మచ్చ కనబడింది, ఈ మాట దాచి "ఏం కాదులెండి" అనడం అమ్మానాన్నలకి చేసే మేలు కాదు. కరోనా సోకినా గుండె కండరం వాస్తుందన్నది కూడా ఆ పక్కనే చెప్పాలి. రెండు డోసుల మధ్య మూడు వారాలకి బదులు ఎనిమిది వారాలు ఆగితే ఈ ముప్పు తగ్గుతుందని తర్వాత తెలిసింది. ఈ అంకెలన్నీ ఎంఆర్ఎన్ఏ టీకాలవి. నిర్వీర్యం చేసిన వైరస్‌తోనో, ప్రొటీన్‌తోనో తయారైన టీకాలకి వీటినే అంటగట్టకూడదు. అందుకే వేసేది ఏ టీకా అని ముందే అడగండి.

నిపుణులే ఒక మాట మీద లేరే అని చాలామందికి టెన్షన్. 2021 సెప్టెంబర్ 3న బ్రిటన్ టీకాల కమిటీ, ఆరోగ్యంగా ఉన్న 12–15 ఏళ్ల పిల్లలకి లాభం నష్టం కన్నా కొంచెమే ఎక్కువ, అందరికీ వేయమనడానికి అది చాలదు అంది. పది రోజులకి అక్కడి ప్రధాన వైద్యాధికారులు నలుగురూ ఒక డోసు వేయమన్నారు. దీన్ని గందరగోళం అనుకోనక్కర్లేదు. కమిటీ పిల్లల ఒంటికి వచ్చే లాభనష్టాలే తూచింది, అధికారులు బడి పోవడం, దానివల్ల పిల్లల మనసు పడే కష్టం కూడా కలిపి తూచారు. తక్కెడలో ఏం వేస్తున్నామన్నదాన్ని బట్టే జవాబు మారింది.

తర్వాత ఒమిక్రాన్ అనే కొత్త రకం కరోనా వైరస్ వచ్చి లెక్క మళ్లీ మార్చింది. సింగపూర్‌లో 5–11 ఏళ్ల పిల్లల్లో రెండు డోసులు కరోనా సోకకుండా ఆపింది సుమారు 37 శాతమే, కానీ ఆస్పత్రి పాలవకుండా ఆపింది దాదాపు 83 శాతం. సోకకుండా కాపాడే గుణం కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. ఈలోపు ఎక్కువమంది పిల్లలకి కరోనా ఒకసారైనా వచ్చి పోయింది, దానివల్ల కూడా కొంత రక్షణ ఏర్పడింది. అందుకే 2023 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం ఆరోగ్యంగా ఉన్న 6 నెలల నుంచి 17 ఏళ్ల పిల్లల్ని తక్కువ ప్రాధాన్యం ఉన్న వర్గంలో పెట్టింది. టీకా సురక్షితమే, పనిచేస్తుంది కూడా, కానీ తట్టు టీకాతో, పసిపిల్లల విరేచనాలని ఆపే రోటావైరస్ టీకాతో పోలిస్తే పిల్లలకి దీనివల్ల కలిగే మేలు చాలా తక్కువ అని చెప్పింది. కరోనా టీకా మీద అనుమానంతో తట్టు టీకా కూడా మానేసే అమ్మానాన్నల గురించే నాకు ఎక్కువ బెంగ. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకండి, దయచేసి.

నన్నడిగితే, రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడుతున్న పిల్లలకి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకి, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి, బాగా ఊబకాయం ఉన్నవాళ్లకి వాయిదా వేయకుండా డాక్టర్‌తో మాట్లాడి వేయించాలి. వీళ్లకి మేలు స్పష్టం. ఆరు నెలలు నిండని పసివాళ్లకి టీకా లేదు, కానీ పిల్లల్లో ఆస్పత్రి పాలయ్యే ముప్పు ఎక్కువగా ఉన్నది వాళ్లకే. వాళ్లని కాపాడేది గర్భంతో ఉన్నప్పుడు తల్లి వేయించుకున్న టీకానే, ఆ యాంటీబాడీలు మావి ద్వారా బిడ్డకి చేరతాయి. ఇక ఆరోగ్యంగా ఉండి, కరోనా ఒకసారి వచ్చి తగ్గిపోయిన పిల్లల విషయంలో వేయించినా, మానేసినా ఎవర్నీ తప్పుపట్టను, అక్కడ తేడా అంత చిన్నది. ఇంట్లో కీమో తీసుకుంటున్న తాతయ్యో, అమ్మమ్మో ఉంటే నేను వేయించడం వైపే కాస్త మొగ్గుతాను, సోకకుండా ఆపే ఆ రక్షణ కొద్ది వారాలే అయినా సరే.

పుకార్లు రెండు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి చెప్తున్నా. టీకాలోని ఎంఆర్ఎన్ఏ కణం లోపలి కేంద్రకంలోకి వెళ్లదు, డీఎన్ఏని మార్చదు, కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. పెద్దయ్యాక పిల్లలు పుట్టరన్న భయానికీ ఆధారం లేదు.

టీనేజ్ పిల్లలున్న ఇంట్లో వాళ్లతో మాట్లాడకుండా నిర్ణయం తీసుకోవద్దు. పై అంకెలు పదమూడేళ్ల వాళ్లకి చక్కగా అర్థమవుతాయి, పైగా టీకా తర్వాత ఒంట్లో ఎలా ఉందో చెప్పాల్సింది వాళ్లే. సూది చూస్తేనే కళ్లు తిరిగే వయసది, కాబట్టి వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి. చెయ్యి నొప్పి, జ్వరం, నీరసం ఒకట్రెండు రోజుల్లో పోతాయి. వారంలోపు ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ అంటే మాత్రం గ్యాస్ అనుకుని ఇంట్లో ఉంచకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి, టీకా ఏ రోజు పడిందో, ఎన్నో డోసో డాక్టర్‌కి చెప్పండి. ఒక ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్షతో అనుమానం ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. ఒకవేళ మయోకార్డైటిస్ అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు పరుగులు, ఆటలు మాన్పించాలి.