వెనక్కి తిప్పి చూపించు: పందొమ్మిదో శతాబ్దపు యూరప్ పెయింటింగుల వేలంలో అపోహలు - వాస్తవాలు

లండన్‌లో తెల్లవారుజామున మూడింటికి వాట్సాప్ మోగిందంటే అది మా బావమరిదే. అక్కడ ఇండియాలో వాళ్ళకి టిఫిన్ టైము. మొన్న ఒక ఫోటో పంపాడు. గొర్రెలు, పక్కన కాపరి, వెనక వాన మబ్బు, చుట్టూ బంగారు పూత ఫ్రేము. సికింద్రాబాద్‌లో ఎవరో పాత బంగళా సామాన్లు అమ్మేస్తుంటే వాళ్ళ నాన్నగారు ఎప్పుడో కొన్నారట. కింద ఒకే ప్రశ్న: "బావా, ఇది ఎంతుంటుంది?"

"వెనక వైపు ఫోటో పంపు" అన్నాను.

"బొమ్మ ముందుంది కదా బావా!"

పదహారేళ్ళుగా ఇక్కడ ఒక మధ్యస్థ వేలం సంస్థలో పందొమ్మిదో శతాబ్దపు యూరప్ పెయింటింగుల విభాగంలో పనిచేస్తున్నాను. సుత్తి పట్టుకునేది నేను కాదు. క్యాటలాగ్ రాయడం, పటం ఏ స్థితిలో ఉందో రిపోర్టు రాయడం నా పని. రోజుకు పది మందైనా ఏదో ఒక పటం ధర అడుగుతారు. అడిగే తీరులోనే అపోహలు తెలిసిపోతాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నూట యాభై ఏళ్ళ నాటి యూరప్ పటం అంటే కోట్లు.

వాటిలో ఎక్కువ భాగం కొన్ని వందల పౌండ్లకో, ఒకటి రెండు వేలకో పోతాయి. ఫ్రేముకి పెట్టిన డబ్బు కూడా రానివి ఉన్నాయి. ఆ శతాబ్దంలో పటాలు గీసినట్టు అంతకు ముందెప్పుడూ గీయలేదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ రంగులు నింపే తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు. అక్కడి నుంచి రంగులు నూరుకునే బాధ తప్పింది. ఫ్యాక్టరీలతో డబ్బు చేసుకున్న మధ్యతరగతి వాళ్ళు హాల్లో గోడకి ఏదో ఒకటి ఉండాలని కొన్నారు. పారిస్‌లో సలోన్ ప్రదర్శనకు ఒక్క ఏడాదిలో వేల పటాలు వేలాడేవి. ఇక గొర్రెలు, ఆవులు, వైన్ తాగుతూ నవ్వుకునే కార్డినల్ గార్లు... మా స్టోర్‌రూమ్‌లో ఎప్పుడు చూసినా ఒక మంద ఉంటుంది. పాతదైనంత మాత్రాన ధర రాదు, అరుదుగా దొరికేదై ఉండాలి.

అపోహ: వాన్ గో, మోనే పటాలు కూడా మీ వేలంలోనే వస్తాయి కదా?

రావు. పుట్టింది అదే శతాబ్దంలో, కానీ వేలం వీధిలో వాళ్ళ దుకాణం వేరు. ఇంప్రెషనిస్టులు (మోనే లాంటివాళ్ళు), వాళ్ళ తరవాతివాళ్ళు (వాన్ గో లాంటివాళ్ళు) విడిగా జరిగే పెద్ద సాయంత్రం వేలాలకు వెళ్తారు. మోనే 1890లో గీసిన గడ్డివాముల పటం ఒకటి 2019లో న్యూయార్క్‌లో 11.07 కోట్ల డాలర్లకు పోయింది. మా విభాగంలో ఉండేది బుగురో, జెరోమ్, అల్మా-టడెమా లాంటి వాళ్ళు, అంటే ఆ రోజుల్లో సలోన్‌లోనూ అకాడమీలోనూ పతకాలు తెచ్చుకున్నవాళ్ళు. ఈ గోడ దూకించాలని ఒకసారి గట్టి ప్రయత్నమే జరిగింది. అదే 2019లో బుగురో భారీ పటం "బాకస్ యవ్వనం"ని 2.5 నుంచి 3.5 కోట్ల డాలర్ల అంచనాతో సదబీస్ అనే పెద్ద వేలం సంస్థ తన ఇంప్రెషనిస్టుల వేలంలో పెట్టింది. పాట రిజర్వు దాకా, అంటే అంతకు తక్కువకు ఇవ్వకూడదని ముందే అనుకున్న ధర దాకా, రాలేదు. పటం అమ్ముడుపోలేదు.

అపోహ: పెద్ద పేరున్న చిత్రకారుడైతే ధర ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుంది.

దీని మీద కాస్త ఆగాలి. మా రంగంలో అందరూ ఒక్కసారైనా చెప్పుకునే పటం ఒకటుంది: లారెన్స్ అల్మా-టడెమా గీసిన "మోజెస్ దొరకడం". నైలు ఒడ్డున ఫరో కూతురిని పల్లకీలో మోసుకుపోతుంటారు, పక్కన బుట్టలో పసివాడు, బైబిల్ కథలోని మోజెస్. అస్వాన్ డ్యామ్ కట్టిన కాంట్రాక్టర్ సర్ జాన్ ఎయిర్డ్ చెప్పి మరీ గీయించుకున్నాడు. 1904లో ఇచ్చిన సొమ్ము 5,250 పౌండ్లు. అప్పట్లో దానితో లండన్‌లో ఇళ్ళే కొనుక్కోవచ్చు. (తేదీ చూసి ఇది ఇరవయ్యో శతాబ్దం కదా అనకండి. చేయి, చూపు రెండూ విక్టోరియా కాలానివే కాబట్టి మా విభాగంలోనే అమ్ముతారు.)

అదే పటం 1935లో 861 పౌండ్లు. 1942లో 265. 1960లో మళ్ళీ వేలానికి వస్తే ఆపాటి ధర కూడా పలకక వెనక్కి పోయింది. ఎవరో దాన్ని ఫ్రేము కోసం కొని కాన్వాస్‌ని సందులో పారేసి పోయారని ఒక కథ కూడా చెప్పుకుంటారు. నేను నమ్మను గానీ, అలాంటి కథ పుట్టిందంటేనే ఆ రోజుల్లో దాని గతి ఏమిటో తెలుస్తుంది. మోడర్న్ ఆర్ట్ వచ్చాక విక్టోరియన్ పటం ఇంట్లో ఉందంటే నామోషీ. ఆ కాలంలో అల్మా-టడెమాని గుట్టలుగా కొన్నది అలెన్ ఫంట్, అమెరికా టీవీలో దొంగ కెమెరా పెట్టి జనాన్ని ఆటపట్టించే కార్యక్రమం నడిపినాయన. ముప్పై అయిదు పటాలు పోగేశాడు. అకౌంటెంట్ మోసం చేయడంతో 1973లో అన్నీ వేలంలో అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ తరవాత గాలి మెల్లగా మళ్ళింది. 1995లో ఈ మోజెస్ 27.5 లక్షల డాలర్లు పలికింది. 2010 నవంబరులో న్యూయార్క్‌లో అంచనా 30 నుంచి 50 లక్షల డాలర్లు. పోయింది 3.59 కోట్లకి.

చివరి అంకె ఒక్కటే చూసి "చూశారా, ఆగితే లాభం" అనేవాళ్ళకి నేను మధ్యలో అంకెలు చూపిస్తాను. 1904లో కొన్నవాడికి, ఆయన పిల్లలకి, మనవలకి కూడా అది నష్టమే. పైగా అందరికీ ఇలాంటి రెండో జన్మ ఉండదు. 1887లో న్యూయార్క్‌లో స్టివార్ట్ అనే వ్యాపారి సేకరణ వేలంలో మెసోనియే గీసిన నెపోలియన్ యుద్ధ దృశ్యం "ఫ్రీడ్లాండ్" 60 వేల డాలర్లు దాటి పోయింది. అదే వేలంలో రోజా బోనర్ గీసిన బ్రహ్మాండమైన "గుర్రాల సంత"కి వచ్చింది దాదాపు 53 వేలు. రెండూ ఇప్పుడు మెట్రోపాలిటన్ మ్యూజియంలోనే ఉన్నాయి. గుర్రాల ముందు జనం నిలబడతారు. ఆ రోజుల్లో అంత ఖరీదైన మెసోనియే పేరు చెబితే ఇవాళ మీలో ఎంతమందికి తెలుసు?

ధర కదిలేది కొనేవాళ్ళు మారినప్పుడు. తుర్కియే, గల్ఫ్ దేశాల వాళ్ళు తమ ఊళ్ళు, తమ మసీదులు ఉన్న పటాలు కొనడం మొదలుపెట్టాక ఓరియంటలిస్ట్ పటాల, అంటే ఆ తూర్పు దేశాల దృశ్యాల, లెక్కే మారింది. ఒట్టోమన్ చిత్రకారుడు ఉస్మాన్ హమ్దీ బే 1880లో గీసిన, చదువుకుంటున్న అమ్మాయి పటం 2019లో లండన్‌లో అంచనాకు ఎన్నో రెట్లు దాటి 60 లక్షల పౌండ్ల పైన పలికింది. సొంతవాళ్ళ దగ్గర డబ్బు చేరడమే దానికి కారణమని నా అభిప్రాయం.

అపోహ: సంతకం ఉంది కాబట్టి అసలుదే.

పటంలో అన్నిటికంటే తేలిగ్గా పెట్టగలిగేది సంతకమే. కోరో అనే ఫ్రెంచి చిత్రకారుడి మీద మా వాళ్ళ పాత జోకు ఒకటుంది: ఆయన గీసింది మూడు వేలు, అందులో పది వేలు అమెరికాలో ఉన్నాయి.

నా పద్ధతి చెబుతాను. లైట్లు ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చి వేస్తాను. పాత వార్నిష్ ఆకుపచ్చగా, చెరువు మీద పాచిలా మెరుస్తుంది. తరవాతెప్పుడో పైన వేసిన రంగు ఆ పాచి మీద నల్లటి మరకలా తేలుతుంది. సంతకం కూడా అలాగే తేలిందంటే గుండె జారుతుంది. అప్పుడు లెన్సు పెట్టి చూడాలి. నిజమైన సంతకాన్ని పగుళ్ళు కోసుకుపోతాయి, ఎందుకంటే సంతకం ముందు, పగులు తరవాత. దొంగ సంతకంలో రంగు పగుళ్ళలోకి దిగి ఉంటుంది, గోడ బీటలోకి సున్నం దిగినట్టు.

నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. ఓక్ చెట్ల చిన్న పటం, వేలం హడావుడి, టార్చి వేయకుండానే క్యాటలాగ్‌లో "సంతకం చేసినది" అని రాసేశాను. కొన్నాయన ఇంటికెళ్ళి టార్చి వేశాడు. అమ్మకం రద్దు, డబ్బు వాపసు, నాకు వారం రోజులు నిద్ర లేదు. మా క్యాటలాగ్ భాషలో "సంతకం చేసినది" అంటే చిత్రకారుడే చేశాడని మా నమ్మకం. "సంతకం ఉన్నది" అంటే ఉందంతే, ఎవరు పెట్టారో మేం చెప్పం. "ఫలానా వారిదని భావన", "వారి బృందం", "వారి అనుచరుడు", "వారి శైలిలో", ఇలా మెట్టు మెట్టుకీ ధర పడిపోతుంది.

2004లో సదబీస్ లండన్ వేలంలో రష్యన్ చిత్రకారుడు షిష్కిన్ పేరుతో ఒక వాగు దృశ్యం వచ్చింది. అంచనా 5.5 నుంచి 7 లక్షల పౌండ్లు. ఆఖరి నిమిషంలో వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఏడాదే స్వీడన్‌లో డచ్ చిత్రకారుడు మరినస్ కూకూక్ పటంగా దాదాపు 65 వేల డాలర్లకు అమ్ముడైన పటమే అది. పాత సంతకం చెరిపి కొత్తది పెట్టారు. రష్యన్ డబ్బు వచ్చిన చోటికి ఒక డచ్ అడవి రష్యన్ అడవై నడిచొచ్చింది.

తిరగబడ్డ కథలూ ఉంటాయి. 2013లో సదబీస్‌కి పోటీ సంస్థ క్రిస్టీస్‌లో "కాన్‌స్టబుల్ అనుచరుడు" (కాన్‌స్టబుల్ ఒక ఇంగ్లిష్ చిత్రకారుడు) అని 3,500 పౌండ్లకు పోయిన సాల్స్‌బరీ కెథడ్రల్ స్కెచ్, కాన్‌స్టబుల్ సొంత చేతిదే అన్న అభిప్రాయంతో 2015లో న్యూయార్క్‌లో 52 లక్షల డాలర్లకు పోయింది. ఇది చదివి అందరూ తమ పటం కూడా అలాంటిదే అనుకుంటారు. ఉత్తరాలు నాకొస్తాయి.

అపోహ: శుభ్రం చేయించి తెస్తే నాలుగు రూకలు ఎక్కువొస్తాయి.

దయచేసి ముట్టుకోకండి. బంగాళదుంప ముక్క, టూత్‌పేస్టు, సబ్బు నీళ్ళు, యూట్యూబ్‌లో ఏం చూపించినా సరే. ఒక పెద్దావిడ డచ్ ఓడల పటం ఫోటో పంపారు. నాలుగైదు వేల పౌండ్లు రావచ్చన్నాను. మురికిగా తెస్తే బాగోదని ఆవిడ దారిలో ఒక ఫ్రేముల షాపులో తుడిపించారు. తీరా చూస్తే తెరచాపల తాళ్ళు లేవు. వెంట్రుకంత సన్నటి ఆ గీతల్ని చిత్రకారుడు అన్నిటికంటే ఆఖర్న పలచటి రంగుతో వేస్తాడు, కాబట్టి ముందు పోయేవీ అవే. ఎనిమిది వందలకు అమ్మాం. మా హాలుకొచ్చే డీలర్లు దుమ్ము పట్టిన పటాన్నే ముద్దుగా చూస్తారు, ఎవరూ చెయ్యి పెట్టలేదని. మురికిని పోగొట్టొచ్చు, పోయిన రంగుని తేలేం. బిట్యుమెన్ కలిపిన గోధుమ రంగు మాత్రం ఎవరూ ఏమీ చేయలేనిది. అది తారులా పూర్తిగా ఆరదు, మొసలి చర్మంలా పగులుతుంది.

అపోహ: సుత్తి పడ్డ ధరే కట్టాల్సిన ధర.

మన ఊళ్ళో చెరువు పాటలో అయితే అంతే. ఇక్కడ సుత్తి 10,000 పౌండ్ల దగ్గర పడితే, 26 శాతం ప్రీమియం (కొన్నవాడు వేలం సంస్థకి పైన కట్టేది) ఉన్న చోట ఇంకో 2,600, దాని మీద 20 శాతం పన్ను 520. మొత్తం 13,120. అమ్మినవాడి చేతికి మాత్రం ఆ పదివేలలోంచి కమీషన్, ఫోటో ఖర్చు, బీమా పోగా మిగిలింది వస్తుంది. 1975లో క్రిస్టీస్, సదబీస్ లండన్‌లో ఈ ప్రీమియం మొదలుపెట్టినప్పుడు అది 10 శాతమే. ఇంకో మాట: రిజర్వు ధర వచ్చేదాకా అమ్మేవాడి తరఫున వేలందారే పాట పెంచొచ్చు, నిబంధనల్లోనే రాసి ఉంటుంది. హాల్లో ఎవరూ చెయ్యెత్తకుండా అంకె పెరుగుతుంటే ఆశ్చర్యపోకండి.

అపోహ: ఈసారి పోకపోతే వచ్చేసారి పోతుంది.

పోకపోతే ఆ సంగతి ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉంటుంది. మా భాషలో పటం "కాలింది" అంటాం. చాలా ఏళ్ళు ఆగాలి, లేదా అంచనా బాగా తగ్గించాలి. అత్యాశ అంచనా అడిగేవాళ్ళకి నేను ముందే చెబుతాను, వినరు.

అపోహ: పాత కాగితాలు ఎందుకు, పటం ఉంటే చాలదా?

పటం వెనక స్టెన్సిల్ అంకెలు, చిరిగిన లేబుళ్ళు, సుద్దతో రాసిన లాట్ నంబర్లు, వీటితోనే నా సగం పని. పారిస్ డీలర్ గూపిల్ స్టాకు పుస్తకాలు గెట్టీ సంస్థ ఇంటర్నెట్‌లో పెట్టింది. వెనక ఒక గూపిల్ నంబరు కనబడితే ఎప్పుడు కొన్నారో, ఎవరికి అమ్మారో దొరికే అవకాశం ఉంది. ఇక నాజీల కాలంలో, అంటే 1933 నుంచి 1945 దాకా, పటం ఎక్కడుందో తెలియకపోతే పెద్ద సంస్థలు ముందుకు కదలవు. పిస్సారో గీసిన "బులెవార్డ్ మోమార్త్, వసంత ఉదయం" బ్రెస్లావ్ వ్యాపారి మాక్స్ సిల్బర్‌బెర్గ్‌ది. యూదుడైన ఆయన చేత 1935లో బెర్లిన్‌లో బలవంతంగా అమ్మించారు. అది తిరిగి కుటుంబానికి చేరాక 2014లో లండన్‌లో 1.9 కోట్ల పౌండ్ల పైన పలికింది. ఆ చరిత్ర తేలకుండా ఇవాళ ఏ పెద్ద హాలూ ఆ పటాన్ని గోడకెక్కించదు.

అపోహ: ఇండియాలో ఉన్న పాత యూరప్ పటాన్ని లండన్ పంపితే మంచి ధర వస్తుంది.

హైదరాబాద్, చెన్నై, అమెరికా, ఎక్కడి తెలుగువాళ్ళైనా నన్ను అడిగేది ఇదే. ముందు ఒక భూతద్దం పెట్టి చూడండి. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు బొమ్మ, వేలం ఊసే అక్కర్లేదు. నిజంగా చేత్తో వేసిందే అయితే ఇంకో చిక్కు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పెయింటింగ్ పురావస్తువే. గీసినవాడు ఏ దేశం వాడన్నదానితో పని లేదు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికో, అది అధికారమిచ్చిన సంస్థకో తప్ప ఎవరికీ లేదు. సూట్‌కేసులో చుట్టి తెస్తాననేవాళ్ళకి నేను ఫోన్ పెట్టేస్తాను.

మా బావమరిది రెండు రోజులు అలిగి, ఆఖరికి వెనక వైపు ఫోటో పంపాడు. సాలెగూడు, తుప్పు మేకులు, కాన్వాస్ మీద మాసిపోయిన నల్ల ముద్ర. పెద్దది చేసి చూస్తే విన్సర్ అండ్ న్యూటన్, రాత్‌బోన్ ప్లేస్. రంగులు, కాన్వాసులు అమ్మే లండన్ కంపెనీ అది. పేరు చివర "లిమిటెడ్" ఉంది. ఆ కంపెనీ లిమిటెడ్ అయింది 1882లో, అంటే కాన్వాస్ అంతకు ముందుది కాదు. గొర్రెల ఉన్ని తీరు, మబ్బు తీరు చూస్తే మరీ ఇటీవలిదీ కాదు, వందేళ్ళు ఎప్పుడో దాటింది. సంతకం మొదటి అక్షరం తప్ప చదవడానికి లేదు.

"ఇక్కడుంటే మూడు, నాలుగు వందల పౌండ్లు. అక్కడి నుంచి కదలదు" అన్నాను.

"మరి ఫ్రేము?"

"ఫ్రేము బాగుంది."

మళ్ళీ హాల్లోనే తగిలించాడు. ఈసారి ఎండ పడని గోడకి.