6 పౌండ్ల సీటు ఏమైంది? ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టికెట్ ధరల వెనుక కథ

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులు వచ్చే సీజన్ టికెట్ల ధరలు ప్రకటించే రోజుల్లో ఏటా ఒకే వాదన రేగుతుంది. ఇంత డబ్బు పోసి స్టేడియానికి వెళ్లడం గిట్టుబాటేనా? ఇంట్లో పెద్ద టీవీ ఉంది, రీప్లేలు ఉన్నాయి, వానలో తడవాల్సిన పని లేదు. 2024-25 సీజన్‌కు అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లోని 20 క్లబ్బుల్లో 19 ధరలు పెంచడంతో వాదన మరింత వేడెక్కింది. అయితే ఇది మొదటి నుంచీ ఉన్న ప్రశ్న కాదు. చాలా దశాబ్దాల పాటు మ్యాచ్‌కు వెళ్లినవాళ్లు ఆట బాగాలేదని తిట్టుకున్నారే గానీ, టికెట్ కొనడానికి నెల ఖర్చులు చూసుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు. ఆ లెక్క ఎప్పుడు, ఎలా మారిందో తెలిస్తేనే ఇప్పటి కోపం అర్థమవుతుంది.

మొదట్లో క్లబ్బులకు గేటు వసూళ్లే ఆధారం. 1888లో ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది. కనీస ప్రవేశ రుసుము 6 పెన్స్ అని 1890లో నిర్ణయించారు. నిరుపేదకు అది తక్కువేమీ కాదు. కానీ మిల్లులోనో, గనిలోనో, ఓడల యార్డులోనో నాలుగు డబ్బులు సంపాదించే కార్మికుడికి అందే ధరే. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టంతో బట్టల మిల్లులు శనివారం మధ్యాహ్నం 2 గంటలకే ఆగేవి. ఆ ఒంటిపూట పని క్రమంగా మిగతా చోట్లకూ పాకింది. శనివారం 3 గంటలకు మ్యాచ్ అనే ఆనవాయితీ అలా స్థిరపడింది. పని దిగి, నడుచుకుంటూ మైదానానికి వెళ్లి, మెట్ల గ్యాలరీలో నిలబడి ఆట చూసి, చీకటి పడేలోగా ఇంటికి చేరొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ అలవాటు పతాక స్థాయికి చేరింది. 1948-49 సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లకు హాజరు 4.12 కోట్లకు పైనే. మైదానంలో ఆడేవాళ్లకీ, గ్యాలరీలో నిలబడేవాళ్లకీ మధ్య అంతరం కూడా ఇప్పటిలా లేదు. గరిష్ఠ వేతన నిబంధన 1961లో రద్దయ్యేనాటికి ఆటగాడికి వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వకూడదు. పైగా సొంత మైదానంలో ఆడే క్లబ్ గేటు వసూళ్లలో కొంత భాగాన్ని వచ్చిన జట్టుకు ఇవ్వాలి. పెద్ద క్లబ్ మరీ పెద్దదైపోకుండా, చిన్న క్లబ్ మరీ చితికిపోకుండా చూసిన ఏర్పాటు అది.

1983లో దాన్ని ఎత్తేశారు. లీగ్ మ్యాచ్‌ల గేటు డబ్బు మొత్తం ఆతిథ్య క్లబ్బే ఉంచుకోవచ్చన్నారు. అదే ఏడాది లండన్ క్లబ్ టాటెన్‌హామ్ స్టాక్ మార్కెట్‌లోకి వెళ్లింది. క్లబ్ నుంచి వాటాదారులు డివిడెండ్ రూపంలో ఎంత తీసుకోవచ్చో ఇంగ్లండ్ ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) నిబంధన ఒకటి కట్టడి చేసేది. క్లబ్బుకు పైన ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టి ఆ నిబంధనను పక్కన పెట్టేశారు. టికెట్ ధరల గురించి మాట్లాడే చాలామంది ప్రీమియర్ లీగ్ పుట్టిన 1992 నుంచి మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు మలుపు 1983. ఆటను లాభాల కోసం నడపొచ్చన్న తలుపు తెరుచుకుంది అప్పుడే. దాని ఫలితం వెంటనే కనిపించలేదంతే, ఎందుకంటే అప్పటికి స్టేడియాలకు వచ్చేవాళ్లే తగ్గిపోయారు. గొడవలు, పాతబడిన గ్యాలరీలు, 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్ స్టేడియం అగ్నిప్రమాదంలో 56 మంది మరణం, అదే నెలలో బెల్జియంలోని హేసెల్ స్టేడియంలో 39 మంది మరణం. 1985-86లో లీగ్ హాజరు 1.65 కోట్లకు పడిపోయింది.

తర్వాత హిల్స్‌బరో. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మధ్య ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. కంచెల మధ్య బిగిసిపోయిన గ్యాలరీలో తొక్కిడి, ఊపిరాడక మరణాలు. మృతుల సంఖ్య చివరికి 97కి చేరింది. తప్పు అభిమానులదేనన్న అబద్ధాన్ని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. వారి ప్రవర్తన కారణం కాదని, ఆ మరణాలు చట్టవిరుద్ధంగా జరిగిన ప్రాణహాని అని 2016 ఏప్రిల్‌లో జ్యూరీ తేల్చేదాకా కుటుంబాలు పోరాడుతూనే ఉన్నాయి.

ఈ దుర్ఘటనపై విచారణ జరిపిన లార్డ్ జస్టిస్ టేలర్ తుది నివేదిక 1990 జనవరిలో వచ్చింది. పెద్ద స్టేడియాల్లో నిలబడే గ్యాలరీలు తీసేసి అందరికీ సీట్లు వేయాలన్నది అందులో ప్రధాన సిఫార్సు. అందరికీ గుర్తున్నది ఆ ఒక్క మాటే. అదే నివేదికలో ఇంకో మాట ఉంది. సీట్లు వేసినంత మాత్రాన, ఇప్పుడు నిలబడి చూసేవాళ్లకు అందనంతగా ధరలు పెంచాల్సిన అవసరం లేదని టేలర్ స్పష్టంగా రాశారు. ఉదాహరణ కూడా ఇచ్చారు. గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో 1971లో 66 మంది చనిపోయారు. ఆ తర్వాత దాన్ని చాలావరకు సీట్లతో తిరిగి కట్టారు. నివేదిక నాటికి అక్కడ సీటు ధర 6 పౌండ్లు, నిలబడితే 4 పౌండ్లు.

ఆ రెండు పౌండ్ల తేడా దగ్గర నాకు చాలా బాధ కలుగుతుంది. భద్రతకు అయ్యే ఖర్చును అభిమాని మోయాలి కాబట్టి ధరలు పెరిగాయని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం పూర్తిగా నిజం కాదు. పునర్నిర్మాణానికి ప్రజల డబ్బు కూడా వెళ్లింది. 1990 బడ్జెట్‌లో మ్యాచ్ ఫలితాలను ఊహించి కాసే ఫుట్‌బాల్ పూల్స్ పందేలపై పన్నును 2.5 శాతం తగ్గించి, అలా మిగిలిన సొమ్మును స్టేడియాల పనులకు మళ్లించారు. అయిదేళ్లలో సుమారు 10 కోట్ల పౌండ్లు వస్తాయని అంచనా. అయినా కొన్ని క్లబ్బులు అభిమాని జేబువైపే చూశాయి. సీజన్ టికెట్ కొనే హక్కు కావాలంటే ముందు వందల పౌండ్లు పెట్టి బాండ్ కొనాలని 1991లో వెస్ట్‌హామ్ క్లబ్ అంది. ఆ సీజన్‌లో అభిమానులు మైదానంలోకి దిగి కూర్చుని నిరసన తెలిపారు. బాండ్లు పెద్దగా అమ్ముడుపోలేదు.

1992లో ప్రీమియర్ లీగ్ మొదలైంది. అయిదేళ్ల టీవీ ఒప్పందం విలువ 30.4 కోట్ల పౌండ్లని చెప్పారు. ఇక్కడి నుంచి రెండు గీతలు పక్కపక్కనే పైకి వెళ్లాయి, టీవీ డబ్బు గీత, టికెట్ ధర గీత. ఒకటి పెరిగితే రెండోది తగ్గే వీలుంది కదా అని అభిమాని అనుకోవడంలో తప్పు లేదు. అలా జరగలేదు. వచ్చిన డబ్బు ఆటగాళ్ల జీతాలకు, బదిలీ రుసుములకు పోయింది. పక్క క్లబ్ ఇంకో స్టార్‌ను కొంటే మనమూ కొనాలన్న పరుగులో టికెట్ కూడా ఒక ఆదాయ మార్గమైపోయింది. 1989-90లో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లోని కాప్ గ్యాలరీలో నిలబడి చూడడానికి 4 పౌండ్లు. 1994 ఏప్రిల్ 30న నార్విచ్‌తో మ్యాచ్ ఆ గ్యాలరీలో నిలబడి చూసిన చివరి మ్యాచ్. మామూలు ద్రవ్యోల్బణమంతా కలిపి చూసినా ఆ 4 పౌండ్లు పాతికేళ్ల తర్వాత 10 పౌండ్లు కూడా దాటవు.

అసలు ధర ఎంతైందో 2013 జనవరిలో అందరికీ కళ్లకు కట్టింది. ఆర్సెనల్ మైదానంలో మాంచెస్టర్ సిటీ మ్యాచ్‌కు ప్రయాణించి వచ్చే అభిమానులకు టికెట్ 62 పౌండ్లు పెట్టారు. సిటీకి కేటాయించిన 3,000 టికెట్లలో 912 అమ్ముడుపోక వెనక్కి వెళ్లాయి. వచ్చినవాళ్లు ధరను నిలదీస్తూ బ్యానర్ కట్టారు. ఆట ముగిశాక లైన్స్‌మన్ ఒకరు సిటీ ఆటగాళ్లతో, అక్కడ 62 పౌండ్లు పెట్టుకుని వచ్చారు, వెళ్లి వాళ్లను పలకరించండి అన్నారు. ఆ ఏడాదే అభిమానుల సమాఖ్య ప్రత్యర్థి మైదానంలో టికెట్ 20 పౌండ్లు మించకూడదన్న ఉద్యమం మొదలుపెట్టింది.

2015 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ కొత్త టీవీ ఒప్పందం ప్రకటించింది. అంతకుముందు మూడేళ్లకు దాదాపు 302 కోట్ల పౌండ్లు ఉన్నది, 2016 నుంచి మూడేళ్లకు 513 కోట్లకు ఎగబాకింది. ఇంత డబ్బు వస్తున్నా లివర్‌పూల్ యాజమాన్యం కొత్త మెయిన్ స్టాండ్‌లో అత్యధిక ధర టికెట్‌ను 59 నుంచి 77 పౌండ్లకు పెంచుతామంది. కొన్ని టికెట్లు 9 పౌండ్లకే ఇస్తామనీ చెప్పింది, కానీ వాటి సంఖ్య చాలా తక్కువ.

2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్. అభిమానులు తమలో తాము ముందే అనుకున్న ప్రకారం 77వ నిమిషంలో జనం లేచారు. సుమారు 10,000 మంది గేట్ల వైపు నడిచారు. అప్పటికి తమ జట్టు 2-0తో గెలుస్తోంది. గెలుస్తున్న జట్టును వదిలి బయటకు నడవడం అభిమానికి ఎంత కష్టమో ఆట చూసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఖాళీ అయిన కుర్చీల ముందే సండర్లాండ్ చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి మ్యాచ్‌ను 2-2తో ముగించింది. నాలుగు రోజుల్లో యాజమాన్యం క్షమాపణ చెప్పి 77 పౌండ్ల ప్రతిపాదన వెనక్కి తీసుకుంది, గరిష్ఠ ధరను 59 దగ్గరే ఆపింది. ఆ మర్నెల మార్చిలో ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిసి ప్రత్యర్థి మైదానానికి వచ్చే అభిమానుల టికెట్ 30 పౌండ్లు మించకూడదని నిర్ణయించాయి. అప్పటి నుంచి ఆ పరిమితిని పొడిగిస్తూ వచ్చారు.

వేరేలా నడపడం సాధ్యమేనా అంటే, జర్మనీ ఉంది. అక్కడ 1998 నుంచి ఉన్న 50+1 నిబంధన ప్రకారం క్లబ్ ఓటింగ్ హక్కుల్లో సగానికి మించినవి సభ్యుల చేతుల్లోనే ఉండాలి. కొన్ని మినహాయింపులున్నాయి. నిలబడి చూసే గ్యాలరీలను కూడా వాళ్లు వదులుకోలేదు. డార్ట్‌మండ్ దక్షిణ గ్యాలరీ ఒక్కదానిలోనే 24,000 మందికి పైగా పడతారు. చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్‌తో ఆ రోజు ఆ ప్రాంతంలో రైలు, బస్సు ప్రయాణం కూడా కలిసొస్తుంది. బయర్న్ మ్యూనిక్ అధ్యక్షుడిగా ఉన్న ఉలి హోనెస్ 2012లో ఈ లెక్కను విడమరిచి చెప్పారు. నిలబడే గ్యాలరీ సీజన్ టికెట్ 104 పౌండ్ల బదులు 300 చేస్తే క్లబ్బుకు ఏడాదికి అదనంగా 20 లక్షల పౌండ్లు వస్తాయి. ఒక ఆటగాడి బదిలీ బేరంలో ఆ మొత్తం అయిదు నిమిషాల చర్చ. అభిమానికి మాత్రం ఆ తేడా చాలా పెద్దది. అలాగని జర్మనీలో గొడవలే లేవని కాదు. 2016లో స్టట్‌గార్ట్‌లో కప్ మ్యాచ్‌కు ధరలు ఎక్కువ పెట్టారని డార్ట్‌మండ్ అభిమానులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు.

ఇంగ్లండ్‌లో క్లబ్బుల వైపు నుంచి వచ్చే జవాబు ఒకటే. గ్యాలరీలు నిండుతున్నాయి, కాబట్టి ధర సరైనదే. మామూలు సరుకు విషయంలో ఈ మాట చెల్లుతుంది. ఫుట్‌బాల్‌లో చెల్లదు. ధర నచ్చలేదని లివర్‌పూల్ అభిమాని అదే ఊళ్లోని ఎవర్టన్ క్లబ్బుకు మారడు. తండ్రి నుంచి, తాత నుంచి వచ్చిన క్లబ్ అది. మారలేనివాడి దగ్గర ఎంత వసూలు చేసినా వస్తాడని తెలిసి ధర పెట్టడం న్యాయం కాదు. అంతగా విసిగినవాళ్లు కొందరు కొత్త దారే వెతుక్కున్నారు. 2005లో గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను అప్పులతో కొన్నప్పుడు విడిపోయిన అభిమానులు ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ పెట్టుకున్నారు. ఒక కనీస మొత్తం మీద ఎవరికి తోచినంత వాళ్లు ఇచ్చి సీజన్ టికెట్ తీసుకునే పద్ధతిని 2009లో తెచ్చారు.

టికెట్ ధర ఒక్కటే చూస్తే ఖర్చు సగమే కనిపిస్తుంది. పెద్ద క్లబ్బుల్లో టికెట్ కొనే అర్హత కోసం ముందు మెంబర్‌షిప్ ఫీజు కట్టాలి. టీవీ కోసం మ్యాచ్ సమయం శనివారం నుంచి ఆదివారానికో, సోమవారం రాత్రికో మారితే ముందే కొన్న రైలు టికెట్ వృథా. న్యూకాజిల్ నుంచి బోర్న్‌మత్‌కు సుమారు 350 మైళ్లు. రాత్రి ఆట ముగిశాక తిరుగు రైలు దొరకదు, మర్నాడు సెలవు పెట్టాలి. వీటన్నిటికీ బదులుగా మంచి ఆట దొరుకుతుందన్న హామీ కూడా లేదు.

మరి దొరికేది ఏమిటి? 2020 జూన్‌లో కోవిడ్ విరామం తర్వాత లీగ్ ఖాళీ స్టేడియాల్లో మొదలైనప్పుడు తెలిసింది. ఆ నిశ్శబ్దాన్ని ప్రేక్షకులు భరించలేరని టీవీ చానెల్ వీడియో గేమ్ కోసం రికార్డు చేసిన జనం అరుపులను మ్యాచ్‌లకు జోడించింది. ప్రపంచమంతా డబ్బు కట్టి చూస్తున్న ఆటలో ఆ గ్యాలరీ హోరు ఒక ముఖ్యమైన భాగం. దాన్ని తయారుచేసేది టికెట్ కొన్నవాళ్లు. తాము ఇచ్చే దానికి కూడా తామే డబ్బు కట్టాల్సి రావడం, అది ఏటా పెరగడం, ఇదే ఈ గొడవలో అసలు అన్యాయమని నా అభిప్రాయం. అదే ఏడాది అక్టోబరులో కొన్ని మ్యాచ్‌లను టీవీలో విడిగా 14.95 పౌండ్లకు అమ్మబోతే, చాలామంది ఆ డబ్బును ఫుడ్ బ్యాంకులకు ఇచ్చేశారు. నెల తిరిగేసరికి పథకం ఆగిపోయింది.

గేటు వసూళ్లు ఇప్పుడు ప్రీమియర్ లీగ్ క్లబ్బుల ఆదాయంలో ఏడో వంతు దగ్గర ఉంటాయి. అయినా పిండడం ఆగలేదు. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో మిగిలిన సభ్యుల టికెట్లన్నిటికీ 66 పౌండ్ల ఒకే ధర పెట్టి, పిల్లలకు, పెన్షనర్లకు రాయితీ తీసేసింది. బయట నిరసనలు జరిగాయి. మనవడిని తీసుకెళ్లే తాతకు ఆ ఒక్క మ్యాచ్ 132 పౌండ్లు.

2025 జులైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టంతో స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది. టికెట్ ధరల విషయంలో క్లబ్బులు అభిమానులను సంప్రదించాలని చట్టం చెబుతోంది, ధర నిర్ణయించే అధికారం మాత్రం ఆ సంస్థకు లేదు. ప్రత్యర్థి మైదానంలో 30 పౌండ్లు దాటకూడదని తమలో తాము ఒప్పుకున్న క్లబ్బులు, సొంత అభిమానికి అలాంటి గీత ఎందుకు గీయవో ఆ సంప్రదింపుల్లో మొదట అడగాల్సిన ప్రశ్న.